కొత్తవాడ రీడింగ్

మంగళవారం ఐదున్నరకు సరోజన డాబా మీదికి వెళ్లేసరికి తూర్పు ఇంకా తెల్లబడలేదు. కొంగు తల చుట్టూ తిప్పుకొని, నీళ్ల ట్యాంకు వెనక చెక్కపెట్టెలో వేలాడుతున్న థర్మామీటరు ముందు వంగి ఫోన్ లైటు వేసింది. ఊపిరి అద్దానికి తగలకుండా నోరు పక్కకు తిప్పుకుంది. ఆ జాగ్రత్త జీవన్ సార్ నేర్పిందే. ఎడమ గొట్టంలో, రాత్రి చలి ఎంత కిందికి పడిందో గుర్తు పెట్టే సన్నటి ఉక్కు సూది తొమ్మిదిన్నర దగ్గర ఆగి ఉంది. కళ్లు మూసి తెరిచి మళ్లీ చూసింది. తొమ్మిదిన్నరే. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది.

"కొత్తవాడ. తొమ్మిదిన్నర. గాలి లేదు. మబ్బు లేదు."

జీవన్ సార్ హనుమకొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్తాడు. ఎండా వానా చలీ ముందే చెప్పే ఆయన పేజీని లక్ష మంది చూస్తారు. దానికి నలుమూలల నుంచి రీడింగులు పంపేవాళ్ల వాట్సాప్ గ్రూపు ఇది. ఇద్దరు డాక్టర్లు, ఒక బ్యాంకాయన, మొబైల్ షాపు నడిపే వినయ్, ఇంకా కాలేజీ పిల్లలు. జంపఖానాల నూలుకు రంగు వేసే మనిషి అందులో సరోజన ఒక్కతే. ఏడో తరగతితో బడి మానేసింది. టైపు చెయ్యడం తెలియక గొంతుతోనే పంపుతుంది. నాలుగు చలికాలాలుగా ఒక్క పొద్దు తప్పలేదు. ఆమె గొంతు వినబడగానే "థాంక్యూ సరోజనక్క" అని నాలుగైదు మెసేజీలు వస్తాయి. అవి వచ్చేదాకా ఆమె మెట్లు దిగదు.

ఆ పొద్దున అన్నిటికంటే ముందు సార్ గొంతే వచ్చింది. "ఫ్రెండ్స్, ఉత్తరం గాలి దిగుతాంది. శుక్రవారం, శనివారం పొద్దుగాల ఆకాశం క్లియర్‌గ ఉంటది. సిటీల ఏడు దాక పడొచ్చు. బయట పల్లాలల్ల రెండు కూడ రావొచ్చు. రెండంటే గడ్డి మీద మంచు గడ్డకట్టుడే. మన దిక్కు ఇప్పటిదాక దాని ఫొటో ఎవ్వరు తియ్యలేదు. మనమే తియ్యాలె."

గ్రూపు ఒక్కసారిగా లేచింది. వేయిస్తంభాల గుడి మీద మంచు కురుస్తున్నట్టు ఎవరో బొమ్మ తయారుచేసి పెట్టారు. భద్రకాళి చెరువు గడ్డకడితే స్కేటింగ్ చేద్దామని ఒక డాక్టరు రాశాడు. సరోజన చాలాసేపు ఆలోచించి ఫోన్ నొక్కింది. "సార్, మా అవ్వగారింటికాడ దున్నకుంట ఇడిసిన పడావుల నేను చిన్నప్పుడు చూసిన. గడ్డి మీద తెల్లగ గట్టిగ కట్టింది."

నవ్వే బొమ్మలు వరసగా వచ్చాయి. "కలల చూసినవా అక్కా" అని ఒకరు. వినయ్ ఒక్కడే "ఎక్కడక్కా?" అని అడిగాడు.

మధ్యాహ్నం సార్ రంగుల షెడ్డు దగ్గరికే వచ్చాడు. కాగులో ఎర్ర నీళ్లు కుతకుతలాడుతున్నాయి. సరోజన కర్రలకు తగిలించిన నూలు చిలపల చుట్టలను ఒక్కొక్కటే పైకి లేపి, పై కొస కిందికి, కింది కొస పైకి తిప్పి మళ్లీ ముంచుతోంది. ఆమె చేతులు మణికట్ల దాకా ఎప్పటికీ వదలని మోదుగ రంగులో ఉన్నాయి. సార్ హెల్మెట్ చంకలో పెట్టుకొని, చుక్కలు పడకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"అక్కా, పొద్దున చెప్పింది నిజమేనా?"

"నేను ఎప్పుడన్న ఉత్తది చెప్పిన్నా సార్?"

"కోపం వద్దు. జర జాగ చెప్పు."

సరోజన పొయ్యి ముందరి బూడిదను పుల్లతో పరిచి గీత గీసింది. "ఇటొక గుట్ట, అటొక గుట్ట. నడుమ వాగు. మరిపెడ నుంచి ఆటోల అర్ధగంట. వాగుకు ఇవతల మా అన్న గట్టయ్య పడావు, గిన్నె లెక్క ఉంటది. బాపు తోటి చేనుకాడ పండుకునేటోళ్లం సార్. మంచె మీద ఒక్క దుప్పటి సరిపోయేది. కిందికి దిగితే కాళ్లు గుంజేటియి. సల్లగాలి నీళ్లసొంటిది. పల్లం ఎతుక్కుంట పోతది, పోయి ఆడ నిలుస్తది."

సార్ ఆ బూడిద గీతలను చూస్తూ ఉండిపోయాడు. "దీనికి మా పుస్తకంల రెండు పేజీలు రాసిండ్లక్కా," అన్నాడు చివరికి. గురువారం నాలుగింటికి తన కార్లో పోదామన్నాడు. ఆ రాత్రికి గట్టయ్య ఇంట్లో పడుకొని శుక్రవారం పొద్దున్నే పడావుకు దిగాలి. గట్టయ్య నంబరు తీసుకున్నాడు, ఊరు ఎక్కడో ఫోన్లో గుర్తు పెట్టుకున్నాడు. "గ్రూపుల చెప్పకు, జనం ఎగబడ్తరు. మంచు మీద ముందు చెయ్యి పెట్టేది నువ్వే," అన్నాడు.

ఆయన వెళ్లేసరికి, తిప్పక వదిలేసిన చిలపలు ఒక వైపు ముదురు, ఒక వైపు లేత తేలాయి. మేస్త్రీ యాదగిరి ఒక చిలప ఎత్తి వెలుగుకు పట్టి, మళ్లీ ఆమె చేతిలో పెట్టాడు. సరోజన మొత్తం మళ్లీ ముంచింది. ఆ పొద్దు ఆమెకు ఏదీ బరువనిపించలేదు.

బుధవారమే యాదగిరిని రెండు రోజులు సెలవడిగింది. ఆమె జాగాలో పూలమ్మను పెట్టుకుంటానన్నాడు. ఇంట్లో మగ్గం గుంటలో కూచున్న భర్త పాండురంగం అటూ ఇటూ నాడె విసరడం ఆపకుండానే విన్నాడు.

"మంచు సూడ్డానికి కార్లు గట్టుకొని పోతరా ఎవ్వలన్న?"

"పోతరు. పెద్ద పెద్ద సదువులోళ్లే పోతరు."

"నిన్నెందుకు తోల్కపోతాండు?"

"జాగ చూపిచ్చేది నేను గద."

పాండురంగం సాయంత్రం బజారుకు వెళ్లి నీలం రంగు మంకీ క్యాపు తెచ్చి ఆమె సంచీ మీద పెట్టాడు. గురువారం మధ్యాహ్నం సరోజన సార్‌కూ అన్నకూ సర్వపిండి చేసింది. పలుచగా తట్టి, వేలితో చిల్లులు పెట్టి, నూనె వేసి, మాడకుండా సన్న సెగ మీద ఒక్కొక్కటే కాల్చింది. ఏడు అయ్యాయి. స్టీలు డబ్బాలో కాగితం పరిచి సర్దింది. మూడున్నరకే వెళ్లి కొత్తవాడ చౌరస్తాలో మూసిన షట్టరు ముందు నిలబడింది. తెలిసినవాళ్లు ఎక్కడికని అడిగితే "అవ్వగారింటికి" అంది.

నాలుగు దాటింది. నాలుగున్నరకు ఫోన్ చేస్తే సార్ ఎత్తలేదు. ఐదింటికి గొంతు వచ్చింది. "అక్కా, సారీ. ప్రోగ్రాం క్యాన్సిల్. బంగాళాఖాతం దిక్కు నుంచి మబ్బు వస్తాంది, సాటిలైట్ల క్లియర్‌గ కనబడ్తాంది. మబ్బు కమ్మితే మంచు గడ్డ కట్టది గద. మళ్ల చూద్దాం."

సరోజన తల ఎత్తి చూసింది. ఇండ్ల మీద ఆకాశం ఉతికి ఆరేసినట్టు ఉంది. తూర్పు దిక్కు నాలుగడుగులు నడిచి, రెండు మేడల సందులోంచి మళ్లీ చూసింది. దూది పింజంత కూడా లేదు. అయినా సాటిలైటుకు కనబడేది తన కంటికేం ఆనుతుందని ఇంటికి తిరిగి వచ్చింది. పాండురంగం ఆమె మొహం చూసి డబ్బా అందుకున్నాడు. ఒక సర్వపిండి మొత్తం తిని, "నూనె బాగ పట్టింది," అని మాత్రం అన్నాడు.

శుక్రవారం పొద్దున డాబా మెట్ల కమ్మీ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. నక్షత్రాలు దగ్గరగా, గట్టిగా మెరుస్తున్నాయి. సూది ఏడు దగ్గర ఉంది. నాలుగేళ్లలో ఆమె అంత తక్కువ చూడలేదు.

"కొత్తవాడ. ఏడు. గాలి లేదు. మబ్బు..." ఆగింది. చుట్టూ తిరిగి నాలుగు దిక్కులూ చూసింది. "మబ్బు లేదు."

పోనీ, ఊరి దిక్కు ఉందేమో అనుకుంది. సార్ దగ్గర నుంచి మెసేజీ రాలేదు. ఎనిమిదింటికి గట్టయ్య ఫోన్ చేశాడు.

"ఏమే చెల్లె, జరం తగ్గిందా?"

"నాకేం జరమే?"

"మీ సారు చెప్పిండు గద. నీకు పానం బాగలేదని, నువ్వే తోలిచ్చినవని. నిన్న పొద్దు గూకంగ నలుగురు వచ్చిండ్లు. ఒకడు టీవోడు, కెమెరా పట్టుకొని. నీ పేరు చెప్పంగనే మీ వదిన కోడిని కోసింది."

సరోజన గడప మీద కూచుంది. "మంచు కట్టిందా అన్నా?" అంది.

"ఏడిది. నాలుగున్నరకే పడావుకు తోల్కపోయిన. పొద్దెక్కెదాక నిలబడ్డం. ఉత్త తడి. సారు మొకం సూడలేకపోయిన. ఆకరికి వాళ్లంత వాగు దిక్కు నడిసిండ్లు. నేను పాలు పిండాలని ఇంటికచ్చిన. నువ్వు మంచిగున్నవా మరి?"

"మంచిగనే ఉన్న."

"మరి జరమన్నడు?"

"తర్వాత చేస్తనే," అని పెట్టేసింది.

ఇంట్లో కూర్చోబుద్ధికాక షెడ్డుకు వెళ్లింది. ఆమె కాగు దగ్గర పూలమ్మ ఉంది. యాదగిరి అడగకుండానే ఆరిన చిలపలు చూపించాడు. సరోజన గోడ పక్క కూచొని, ఒక్కో చిలప చేతులకు తగిలించుకొని విదిలించి, చిక్కు తీసి, మెలిపెట్టి కట్టలు కడుతూ ఉంది. పదిన్నరకు యాదగిరి తన ఫోన్ పట్టుకొచ్చాడు. "మీ సారే గద ఈయన?"

టీవీ ముక్క అది. సార్ కొత్త జాకెట్ వేసుకొని ఉన్నాడు. వెనక రెండు గుట్టలు. "చల్లగాలి నీళ్ల లాంటిది. పల్లం వెతుక్కుంటూ పోతుంది, అక్కడ నిలుస్తుంది. నేను కొన్నేళ్లుగా ఈ వంపును గమనిస్తున్నాను," అంటున్నాడు. తర్వాత తెల్లటి నేల. కింద పెద్ద అక్షరాలు: ఓరుగల్లు గడ్డ మీద కాశ్మీరం.

"నీ మాటలసొంటియే మాట్లాడ్తాండు," అన్నాడు యాదగిరి. సరోజన రంగుల షెడ్డులో ఆ మాట ఎన్నిసార్లు చెప్పిందో అతనికి తెలుసు.

ఆమె ఫోన్ తీసుకొని బొమ్మను ఆపి, రెండు వేళ్లతో పెద్దది చేసింది. తెలుపు గడ్డి కొసల మీద లేదు. మొదళ్లలో ఉంది, మట్టి మీద ఉంది. అక్కడక్కడ పెంకులా పగిలి లేచింది. ఒక పక్క పశువు గిట్ట దిగిన గుంటలో నల్లటి బురద. వాగు మలుపు దగ్గర ఆ జాగా ఆమెకు బాగా తెలుసు. చిన్నప్పుడు చలికాలం వస్తే తల్లితో పాటు వెళ్లి చిప్పతో గీకి, బట్టలు ఉడకబెట్టడానికి గంపకెత్తుకొని తెచ్చేది. అది చౌడు. నేలలోంచి ఉబికే ఉప్పు. చేత్తో ముట్టుకుంటే కరగదు, పొడి రాలుతుంది. ఫిజిక్సు సార్ ముట్టుకోకుండా ఉండి ఉంటాడా?

సరోజన షెడ్డు వెనక్కి వెళ్లి సార్‌కు ఫోన్ చేసింది. మూడోసారికి ఎత్తాడు.

"సార్, గది సౌడు."

అటు నుంచి కాలేజీ పిల్లల గోల వినబడింది. "అక్కా, టీవీ వాళ్లు అంత దూరం వచ్చిండ్లు. ఇక్కడ లక్ష మంది చూస్తాండ్లు. ఉత్త చేతులతోటి ఎట్ల రావాలె? రేపు ఎట్లైన కడ్తది. ఒక్క రోజు ముందు చెప్పినట్టు అనుకో."

"నాకు జరమచ్చిందన్నరట."

"కార్ల జాగ లేకుండె అక్కా. రిపోర్టర్ లాస్టుకు వస్తనన్నడు. నీకెట్ల చెప్పాల్నో తెల్వలేదు."

"జాగ లేదంటె సాలు సార్. నేను బస్సుల పోదును."

"తర్వాత మాట్లాడ్త, క్లాసున్నది," అన్నాడు.

సరోజన ఇంటికి వచ్చి డాబా ఎక్కింది. చెక్కపెట్టెలోంచి థర్మామీటరు తీసి, మంకీ క్యాపులో చుట్టి, కింద పాండురంగం ముందు నిలబడింది. ఆమె చెప్పిందంతా అతను మగ్గం ఆపి విన్నాడు.

"ఇప్పుడు పోతానవు. ఆయన కోసమా, నీ కోసమా?"

"నా కోసమే. రేపొక్క పొద్దే ఉన్నది సలి. మళ్ల నా బతుకుల వస్తదో రాదో."

మూడింటి ఖమ్మం బస్సు ఎక్కింది. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ కొట్టి ఇచ్చాడు. వర్ధన్నపేట దాకా నిలబడే వచ్చింది. తర్వాత సీటు దొరికితే, పాదరసం తెగకుండా థర్మామీటరును ఒళ్లో నిలువుగా రెండు చేతులా పట్టుకుంది. పక్కన మిర్చి సంచితో కూచున్న ముసలామె, "దేవుని పటమా బిడ్డా?" అని అడిగింది. కాదంటే ఏం చెప్పాలో తెలియక సరోజన తల ఊపింది. తొర్రూరులో సందు దొరికినప్పుడు గ్రూపు తెరిచింది. జనం రెండుగా చీలి కొట్లాడుకుంటున్నారు. వ్యవసాయాధికారిగా చేసి దిగిపోయిన ఒకాయన, అది చౌడు నేల అని పేజీలో రాశాడట. అసూయ అని కొందరు, నిజమేమో అని కొందరు. "రేపు పొద్దున మళ్లీ అక్కడి నుంచే ప్రూఫ్ వస్తుంది, కాస్త ఓపిక పట్టండి," అని సార్ రాశాడు. కిందికి జరిపి చూసింది. పొద్దున తను పంపిన ఏడు డిగ్రీల రీడింగుకు వినయ్ ఒక్కడే దండం బొమ్మ పెట్టాడు.

ఊరు చేరేసరికి పొద్దు గూకుతోంది. వదిన చేతులు పట్టుకొని చూసి, జరం లేదని తేలాకే లోపలికి రమ్మంది. గట్టయ్య కర్ర ఒకటి చెక్కి ఇచ్చాడు. చీకటి పడకముందే పడావు నడుమ, మోకాలెత్తున దాన్ని పాతి థర్మామీటరు కట్టారు. దారిలో గట్టయ్య చెప్పాడు. "మీ సారు మళ్ల ఫోన్ జేసిండు. రేపు పొద్దుగాల జూసి చెప్పుమన్నడు. మా చెల్లె వస్తాంది, ఆమెనే జూస్తదన్న."

"ఏమన్నడు?"

"సంబురపడ్డడు."

శనివారం తెలవారక ముందే అన్నా చెల్లెలూ దిగారు. గట్టు మీద ఉన్నప్పుడు మామూలు చలే. పల్లంలోకి నాలుగడుగులు వేసేసరికి నీళ్లలోకి దిగినట్టు పిక్కలు పట్టేశాయి. ఇంకో పదడుగులు వేశాక గట్టయ్య ఆగిపోయాడు. కాళ్ల కింద గడ్డి చప్పుడు చేస్తోంది. వేయించిన అప్పడం మీద నడిచినట్టు, కరకర.

సరోజన ఫోన్ లైటు కిందికి తిప్పింది. ప్రతి పరక అంచూ తెల్లగా ఉంది. రంపం పళ్లలా సన్నగా, విడివిడిగా లేచి నిలబడింది. పాత సాలెగూడు ఒకటి నూలు చిలపంత లావైంది. సూది ఒకటిన్నర దగ్గర ఉంది. కళ్లు మూసి తెరిచి మళ్లీ చూసింది. అప్పుడు కూచొని, అరచెయ్యి గడ్డి మీద పెట్టింది. ముందు గుచ్చుకుంది, తర్వాత మండింది, తర్వాత వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి. చెయ్యి తీస్తే తెల్లటి గడ్డిలో ఐదు వేళ్లూ పచ్చగా పడి ఉన్నాయి. గట్టయ్య ఒక పరక తెంపి నాలుక మీద పెట్టుకున్నాడు.

"బాపు ఉంటే సూస్తుండె," అన్నాడు.

తెల్లారాక ఆమె నాలుగు ఫొటోలు తీసింది. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది. "మరిపెడ దగ్గర పడావు. ఒకటిన్నర. గడ్డి మీద..." అంటూనే బొటనవేలు పక్కకు జరిపింది. మాట వెళ్లకుండా చెరిగిపోయింది. మళ్లీ నొక్కింది. మళ్లీ చెరిపింది.

"ఏమైందే?"

"ఏం లేదు."

ఒక్క రోజు ముందు చెప్పినట్టు అనుకో, అన్నాడు సార్. ఈ ఫొటో పోతే నిన్నటి చౌడు కూడా మంచే అవుతుంది. కొన్నేళ్లుగా గమనించినవాడు ఆయనే అవుతాడు. ఆమె అక్కడే, తడిసిన కొంగుతో నిలబడింది. గుట్ట వెనక నుంచి ఎండ వచ్చింది. పైగట్టున మొదలై తెలుపు మెరిసింది, మెరిసిన చోటల్లా చుక్కలైంది. ఆమె చూస్తుండగానే ఆ మెరుపు పల్లంలోకి దిగి కాళ్ల దాకా వచ్చింది. అప్పుడు ఫోన్ మోగింది.

"అక్కా, నువ్వు ఆడికి పోయినవని రాత్రి మీ అన్న చెప్పిండు. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయక్కా. నేను చేసింది తప్పే. అయిన నా కోసం పోయినవ్." సార్ గొంతు నిజంగానే బొంగురుపోయి ఉంది. "ఏమన్న కనబడ్డదా? ఒక్క ఫొటో చాలు. కొత్తవాడ సరోజన అని నీ పేరు వేస్త. టీవీ వాళ్లకు నీ నంబరే ఇస్త. నిన్నటిసంది నన్ను తిడ్తాండ్లక్కా, కాలేజీల కూడ అడుగుతాండ్లు."

సరోజన పడావు చూసింది. ఎండ పడ్డ మేరంతా పచ్చగా, బొట్లు బొట్లుగా ఉంది.

"గడ్డి తడిగుంది సార్," అంది.

"తడి... అంతేనా? అంతకు ముందు? థర్మామీటర్ ఏం చెప్తాంది?"

సూది ఒకటిన్నర దగ్గరే నిలిచి ఉంది. పాదరసం మాత్రం దాన్ని వదిలి దూరం జరిగింది. "ఇప్పుడు ఆరు సార్."

"ఇప్పుడు కాదక్కా, కనిష్ఠం. కనిష్ఠం చెప్పు."

ఆయన "హలో, అక్కా, హలో" అన్నాడు. అడగాల్సిందేదో అడగలేకపోతున్నట్టు ఆగి ఆగి ఊపిరి తీశాడు. "సరే అక్కా," అని చివరికి పెట్టేశాడు.

గట్టయ్య ఇంతసేపూ వింటూనే ఉన్నాడు. "కట్టింది గదనే. చెప్పరాదా?"

"చెప్తె నిన్నటి ఆయన మాట నిజమైతదన్నా."

గట్టయ్య తువ్వాల దులిపి భుజం మీద వేసుకున్నాడు. "ఆయన లేనిది ఉన్నదన్నడు. నువ్వు ఉన్నది దాస్తానవు. నాకైతే పెద్ద తేడ కనబడ్తలేదు చెల్లె."

సరోజన చెంప మీదికి జారిన కన్నీటిని తుడుచుకోలేదు.

"నాక్కూడ కనబడ్తలేదన్నా," అంది.

పాలకు వేళైందని గట్టయ్య గట్టెక్కాడు. గట్టు నీడలో జానెడు వెడల్పున తెలుపు ఇంకా మిగిలి ఉంది. అది కూడా పోయేదాకా ఆమె అక్కడే నిలబడి చూసింది.